తొమ్మిది సిస్టమ్‌లు, చెప్పుల డబ్బా నిండా కీలు

అక్కయ్యపాలెం పద్దులు:

నమస్కారమండి. ప్రశ్న సాఫ్ట్‌వేర్ కీల లెక్క గురించి. చిన్నదే, దాని వెనక కథ పొడుగు. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మాది అక్కయ్యపాలెంలో చిన్న టాక్స్ కన్సల్టెన్సీ. 1998లో నాన్నగారు ఒక్క సిస్టమ్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు తొమ్మిది. ఆఫీసులో ఏడు, సీతమ్మధారలో మా ఇంట్లో ఒకటి, నా ల్యాప్‌టాప్ ఒకటి. అన్నిట్లో విండోస్ ఉంది. అయిదింటికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొన్నాం, రెండింట్లో పద్దులు రాసే ట్యాలీ, ఇంకా యాంటీవైరస్ ప్యాకులు, ఐటీ రిటర్న్‌ల సాఫ్ట్‌వేర్. ఊళ్లో వాళ్ల లెక్కలు పైసాతో సహా సరిచూసి పెట్టే మాకు మా సాఫ్ట్‌వేర్ లెక్క మాత్రం తెలియదు. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

పోయిన నెల 19వ తేదీ. తెల్లారితే జీఎస్టీ 3బీ రిటర్న్‌కి ఆఖరి రోజు. కిటికీ పక్కనుండే సిస్టమ్ మదర్‌బోర్డు పోయింది. సముద్రపు గాలికి బోర్డులేమవుతాయో వైజాగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. మా సిస్టమ్స్ చూసే అబ్బాయి వచ్చి బోర్డు మార్చి, "ఎలాగూ విప్పాం కదా మేడం, ఫ్రెష్‌గా ఉంటుంది" అని ఫార్మాట్ కూడా కొట్టేశాడు. డేటా వేరే చోట ఉంది కాబట్టి దానికి భయం లేదు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది.

విండోస్ యాక్టివేట్ చేయమని మూలన రాత వచ్చింది. ఆఫీస్ తెరిస్తే కీ, అంటే కొన్నప్పుడు ఇచ్చే అక్షరాలు, అంకెల కోడ్ అడిగింది. బీరువాలోంచి చెప్పుల డబ్బా తీశాను. మా ఆఫీసులో కీలన్నీ అందులోనే ఉంటాయి. అయిదు ఆఫీస్ కార్డులున్నాయి, అయిదూ ఒకేలా ఉన్నాయి, అయిదూ గీకేసి ఉన్నాయి. ఒక్కోటీ కొట్టి చూస్తే అయిదూ ఇప్పటికే వాడేసినవనే వచ్చింది. కొన్నది మేమే, వాడింది మేమే, కానీ ఏ సిస్టమ్‌కి ఏది వాడామో ఎవరికీ తెలియదు.

ట్యాలీ ఇంకా ఘోరం. ఫార్మాట్ కొట్టేముందు లైసెన్స్ సరెండర్ చేయాలని, అంటే ఆ సిస్టమ్‌లోంచి తీసి వెనక్కి అప్పగించాలని తెలుసు, ఆ హడావిడిలో మర్చిపోయాం. తప్పు మాదే. మళ్లీ యాక్టివేట్ చేయబోతే అన్‌లాక్ కీ ఈమెయిల్‌కి పంపామని వచ్చింది. ఏ ఈమెయిల్‌కి? 2019లో మానేసి దోహా వెళ్లిపోయిన మా పాత అకౌంటెంట్ సొంత జీమెయిల్‌కి. అప్పట్లో అతనే కొన్నాడు, తన మెయిలే ఇచ్చాడు. రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే పాపం డ్యూటీలో ఉండి కూడా చూసి చెప్పాడు. మంచి అబ్బాయి కాబట్టి బతికిపోయాం. గొడవపడి మానేసినవాడైతే?

నాన్నగారి కాలంలో ఒక నల్లట్ట పుస్తకం ఉండేది. సిస్టమ్ కొన్న తేదీ, బిల్లు నంబరు, కీ, అన్నీ ఇంకు పెన్నుతో రాసేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఆఫీసు కిటికీ అద్దాలు ఎగిరిపోయాయి. కరెంటు వచ్చి, తలుపు తీసి, ఊడ్చుకుని చూసేసరికి పుస్తకం నీలం ముద్దయింది. సగం పేజీలు ఇప్పటికీ దాచాను, చదవడానికి రావు. ఆ తర్వాత రాసే అలవాటే పోయింది.

నా ప్రశ్న ఇదీ. మీలో నాలుగుకంటే ఎక్కువ సిస్టమ్‌లున్న ఆఫీసులవాళ్లు ఏ కీ ఏ సిస్టమ్‌లో ఉందో ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు? పుస్తకమా, ఎక్సెలా, ఇంకేమైనా ఉందా? ఇప్పుడు అంతా కలగాపులగమై ఉంది కదా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టను?


ద్వారకానగర్ స్క్రూడ్రైవర్:

మేడం, ముందు ఆ డబ్బా మూత పెట్టేయండి. పదహారేళ్లుగా ఇదే పని నాది. డబ్బాలోంచి మొదలుపెట్టి తేల్చుకున్నవాళ్లను చూడలేదు. సిస్టమ్ దగ్గర కూర్చుని, నువ్వు ఏ కీ మీద నడుస్తున్నావని దాన్నే అడగాలి.

కస్టమర్లకు ఫోన్లో చెప్పే అలవాటు, అలాగే చెప్తాను. స్టార్ట్ నొక్కి సీ, ఎం, డీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదలండి. స్లాష్ గీత (ప్రశ్న గుర్తు మీట మీదే ఉంటుంది), దాన్ని ఆనుకుని డీ, ఎల్, ఐ. ఎంటర్. కాస్త ఆగితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో రెండు సంగతులు రాసుకోండి: అది ఓఈఎమ్మా, రిటైలా, వాల్యూమా అన్నది ఒకటి, కీ చివరి ఐదు అక్షరాలు ఒకటి. తొమ్మిదింటికీ ఇదే చేయండి. ఒక పూట పని.

ఓఈఎం అంటే సిస్టమ్‌తో పాటు వచ్చింది. బోర్డుతో పుట్టి బోర్డుతోనే పోతుంది, ఇంకోదానికి మార్చుకునే హక్కు లేదు. విండోస్ 8 వచ్చిన దగ్గర్నుంచి బ్రాండెడ్ సిస్టమ్‌లలో కీ బోర్డు మీది చిప్‌లోనే రాసేసి ఇస్తున్నారు. ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే ఎడిషన్ వేస్తే తనంతట తానే చదువుకుంటుంది. వాటి కీలు మీరు రాసుకోకపోయినా నష్టం లేదు. రిటైల్ అంటే విడిగా కొన్నది. పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. పోతే నిజంగా డబ్బు పోయినట్టే, కాబట్టి మీరు కాపాడుకోవాల్సింది వీటినే. వాల్యూమ్ అని వస్తే మాత్రం ఆగి ఇక్కడ రాయండి, మాట్లాడుకుందాం.

బోర్డు మార్చిన ఆ సిస్టమ్ సంగతి. అందులో ఉన్న విండోస్‌ని అంతకుముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకి కలిపి ఉంటే, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ట్రబుల్‌షూట్ నొక్కి, హార్డ్‌వేర్ మార్చానని చెబితే తిరిగొచ్చే అవకాశం ఉంది. 2016 నుంచి ఉన్న సదుపాయం ఇది. కలపకపోతే, అదీ ఓఈఎం అయితే, కొత్తది కొనాల్సిందే. మిగతా ఎనిమిదింటికైనా ఈ పని ఈ రోజే చేసి పెట్టుకోండి. బోర్డు పోయాక కలపడం కుదరదు.

ఇంకోటి. మసకబారిన స్టిక్కర్లు ఉన్నాయా? మైక్రోసాఫ్ట్ కీలలో అచ్చులు ఉండవు, అంటే ఏ, ఈ, ఐ, ఓ, యూ రావు. సున్నా, ఒకటి, అయిదు కూడా రావు. ఎల్, ఎస్, జెడ్ రావు. సున్నాలా కనబడితే అది డీ గానీ క్యూ గానీ అయ్యుంటుంది. అయిదులా కనిపిస్తే ఆరో, జీయో అనుకుని చూడండి. బీ, ఎనిమిది మాత్రం రెండూ ఉంటాయి, అక్కడే అందరం ఏడుస్తాం.


అక్కయ్యపాలెం పద్దులు:

మీరు చెప్పినట్టే ఆఫీసులో ఏడు చూశాను, ఇప్పుడే ఇంటికొచ్చి మిగతా రెండూ చూశాను. చేతులు వణుకుతున్నాయి.

ఏడింట్లో రెండు ఓఈఎం, అవి బ్రాండెడ్ సిస్టమ్‌లే, సరిపోయింది. కానీ మూడు అసెంబుల్డ్ సిస్టమ్‌లలో చివరి ఐదూ ఒకటే: 3, వీ, 6, 6, టీ. ఇంట్లో దానికీ అదే. ఒకే కీ నాలుగింటికి వేసేశాడా మా అబ్బాయి? నాలుగు విండోస్‌లకు నాలుగు బిల్లులున్నాయి నా దగ్గర! ల్యాప్‌టాప్ ఓఈఎం. ఇక మిగిలిన రెండింటికి వాల్యూమ్, ఎంఏకే అని వచ్చింది. మీరు ఆగమన్నారు కదా, ఆగాను.


ద్వారకానగర్ స్క్రూడ్రైవర్:

ఆ అబ్బాయిని తిట్టకండి. ఫోన్ చేసి ఉంటే వెనక్కి తీసుకోండి.

3వీ66టీ అనేది విండోస్ ప్రో వేసుకున్న లక్షల సిస్టమ్‌లలో కనబడే సాధారణ కీ. విండోస్ 10, 11లలో లైసెన్స్ మైక్రోసాఫ్ట్ సర్వర్లలో మీ బోర్డు పేరిట నమోదై ఉంటుంది. సిస్టమ్‌లో ఊరికే చోటు నింపడానికి ఈ కీ పెడతారు. హోమ్ ఎడిషన్‌కి అది 8హెచ్‌వీఎక్స్7 అని ఉంటుంది. కాబట్టి మీ నాలుగూ డిజిటల్ లైసెన్స్ మీద నడుస్తున్నాయి. కీ వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్లు వేసి, ఈ సాధారణ కీని భద్రంగా నోట్ చేసుకుని, రెండేళ్ల తర్వాత అది పనిచేయట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లు కోకొల్లలు.

వాల్యూమ్ సంగతి చేదుగా ఉంటుంది. ఎంఏకే అంటే పెద్ద కంపెనీలు, కాలేజీలు ఒప్పందం మీద ఒకే కీతో వందల సిస్టమ్‌లకు వేసుకునేది. మీకు అలాంటి ఒప్పందం లేదు కదా? అయితే ఆ కీ మీది కాదు. ఎవరిదో కీ ఎక్కడో నాలుగైదు వందలకు అమ్ముతుంటారు, యాక్టివేట్ అయిపోతుంది, బాగానే ఉందనుకుంటాం. అసలు యజమాని గమనించి ఆ కీ ఆపించిన రోజు మీ సిస్టమ్‌కీ ఆగుతుంది. బిల్లు మీద ఏం రాశారో చూడండి.


అక్కయ్యపాలెం పద్దులు:

చూశాను. "విండోస్ ఇన్‌స్టలేషన్ 800" అని ఉంది, లైసెన్స్ అన్న మాటే లేదు. అంటే కూలి ఇచ్చాం, సరుకు కొనలేదు. క్లయింట్ ఎవరైనా ఇలాంటి బిల్లు తెస్తే ఇది దేనికని నిలదీసేదాన్ని, మా సొంత బిల్లుకి కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. దొంగ కాపీ అని తెలిసి వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నిన్నటిదాకా తెలియదు అనొచ్చు. ఇవాళ తెలిసింది. రెండింటికీ రేపే కొంటున్నాను.

డబ్బాలో మా పాత విండోస్ 7 స్టిక్కర్లు కూడా ఆరున్నాయి, వాటితో ఏమైనా నెట్టుకురావచ్చా?


ద్వారకానగర్ స్క్రూడ్రైవర్:

కొన్నేళ్ల పాటు నెట్టుకొచ్చాం మేడం, విండోస్ 7 కీతో 10 యాక్టివేట్ అయ్యేది. 2023 సెప్టెంబరులో ఆ దారి మూసేశారు. ఇక అవి నాన్నగారి పుస్తకం పక్కన పెట్టుకోడానికే.


గాజువాక ల్యాబ్ టీచర్:

నేను స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను, ముప్పై సిస్టమ్‌లు. స్క్రూడ్రైవర్ గారు చెప్పినదానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. సిస్టమ్‌లకి పేర్లు పెట్టండి. "కిటికీ పక్కనుండే సిస్టమ్" అని మీరే రాశారు చూడండి, రేపు బల్లలు జరిపితే కిటికీ పక్కకి ఇంకోటి వస్తుంది.

మేం మొదట్లో ఒకటి నుంచి ముప్పై దాకా నంబర్లు సీపీయూ మూతల మీద అంటించాం. వేసవి సెలవుల్లో దుమ్ము దులపడానికి మూతలు విప్పారు, తిరిగి బిగించేటప్పుడు ఏది చేతికొస్తే అది బిగించారు. మూతలన్నీ ఒకటే సైజు మరి. జూన్‌లో తెరిచేసరికి పద్నాలుగో సిస్టమ్ నంబరు ఇరవై రెండు అయింది. రిజిస్టరు మొత్తం తప్పు.

ఇప్పుడు వైజాగ్ చుట్టుపక్కల చోట్ల పేర్లు పెట్టాం: యారాడ, భీమిలి, కైలాసగిరి, కంబాలకొండ, ముడసర్లోవ. పిల్లలకు ఇట్టే గుర్తుంటాయి. "టీచర్, యారాడ హ్యాంగ్ అయింది" అని అరుస్తారు. అదే పేరు విండోస్ సెట్టింగ్స్‌లో కూడా మార్చాలి, ఇంగ్లిష్‌లో 15 అక్షరాలు దాటకుండా, మధ్యలో ఖాళీ లేకుండా. అలా చేస్తే మైక్రోసాఫ్ట్ ఖాతాలో పరికరాల జాబితాలోనూ అదే పేరు కనబడుతుంది. స్టిక్కర్ మూత మీద కాదు, లోపల చట్రానికి అంటించండి.

పేరుతో పాటు యంత్రానికి పుట్టుమచ్చ లాంటిది ఒకటి రాసుకోవాలి. బ్రాండెడ్ అయితే సీరియల్ నంబరు ఉంటుంది. అసెంబుల్డ్ సిస్టమ్‌లని సీరియల్ అడిగితే చాలాసార్లు "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని ఇస్తాయి. తయారీలో నింపాల్సినవాళ్లు నింపలేదన్నమాట. ఒకసారి మా క్లర్కు పదకొండు సిస్టమ్‌లకు సీరియల్ నంబరు గడిలో అదే వాక్యం ఎంతో శ్రద్ధగా రాశాడు. అలాంటప్పుడు బోర్డు మీద స్టిక్కర్ నంబరు గానీ, నెట్‌వర్క్ కార్డుకి తయారీలోనే ఇచ్చే నంబరు, అదే మ్యాక్ అడ్రస్ గానీ రాసుకోండి.

ఆఫీస్ గురించి కూడా చెప్పాలి. 2013 నుంచి ఆఫీస్ కార్డు కేవలం ఒక టోకెను. మొదటిసారి కొట్టగానే ఆ కొనుగోలు ఏదో ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాకి చేరిపోతుంది, తర్వాత కార్డుకి పనిలేదు. అందుకే మీకు అయిదూ వాడేసినవని వచ్చింది. మీరు వెతకాల్సింది ఆ ఖాతా ఎవరిదా అని. సిస్టమ్‌లో పూర్తి కీ మిగలదు, చివరి ఐదు అక్షరాలే ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆఫీస్ ఫోల్డర్ లోపల ఓఎస్‌పీపీ అనే చిన్న స్క్రిప్టు ఉంటుంది, దాన్ని నల్ల కిటికీలో డీస్టేటస్ అని అడిగితే అవి చూపిస్తుంది. వాటిని ఆ ఖాతాలో కనబడే కీ చివరి ఐదుతో సరిపోల్చండి.


రుషికొండ నైట్‌షిఫ్ట్:

పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. నాది ఒకటే గొడవ. మేడం గారి కథలో కొంప ముంచింది కీలు పోవడం కాదు, ఈమెయిల్. దోహా అబ్బాయి మెయిల్.

ఆఫీసుకంటూ ఒక ఈమెయిల్ పెట్టండి. లైసెన్సులకు తప్ప దేనికీ వాడకండి. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ మెయిల్ మీదే కొనాలి. దానికి ఓటీపీ వెళ్లే ఫోన్ కూడా ఉద్యోగిది కాకూడదు, ఆఫీసుదో మీదో అయ్యుండాలి. చాలామంది మెయిల్ మారుస్తారు, ఫోన్ నంబరు పాతవాడిదే వదిలేస్తారు. ట్యాలీకి కూడా ముందు ఆ మెయిల్ మార్పించండి, దోహా అబ్బాయి ఫోన్ ఎత్తుతున్నప్పుడే.

ఎక్సెల్‌లో కీలు పెట్టడం నాకు నచ్చదు. ఆ ఫైలు ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తారు. కీపాస్ అని పాస్‌వర్డ్‌లు దాచే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, ఆఫీసులో వాడుకున్నా ఎవరూ ఏమనరు. ఒకే ఫైలు, ఒకే మాస్టర్ పాస్‌వర్డ్. ఒక్కో లైసెన్స్‌కి ఒక్కో పేజీ, బిల్లు ఫొటో కూడా దానికే తగిలించొచ్చు. ఫైలు ఇంట్లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

పనిలో పని, సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో చూడ్డానికి బెలార్క్ అడ్వైజర్ వేసుకోమని ఎవరైనా అంటారు. బాగా చూపిస్తుంది. కానీ దాని ఉచిత లైసెన్స్ సొంత వాడకానికే, ఆఫీసుల్లో వాడకూడదు. లైసెన్సుల లెక్క తేల్చడానికి లైసెన్స్ మీరిన ఘనత మీకెందుకు.


అక్కయ్యపాలెం పద్దులు:

బెలార్క్ నిన్న రాత్రే వేశాను. తీసేస్తున్నాను.

కీపాస్ మీద నాకో సందేహం. మాస్టర్ పాస్‌వర్డ్ నా ఒక్కదానికే తెలిస్తే, నాకు జ్వరమొచ్చి పడుకున్న రోజు ఆఫీసు సంగతేంటి? నాన్నగారికి డెబ్బై నాలుగు. ఆయన పుస్తకం తెరుస్తారు, ఫైలు తెరవరు.


రుషికొండ నైట్‌షిఫ్ట్:

కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, అంటించి, బ్యాంకు లాకర్‌లో పెట్టండి. నవ్వకండి, మా కంపెనీలోనూ అదే చేస్తాం. నాన్నగారికి పుస్తకమే ఇవ్వండి. అందులో కీ మొత్తం రాయొద్దు, చివరి ఐదు చాలు. పుస్తకం పోయినా దొంగకి పనికిరాదు, మీకు మాత్రం ఏది దేనిదో తెలుస్తుంది.


డాబాగార్డెన్స్ డీటీపీ:

మీరంతా ఖాతాలు, సర్వర్లు అంటున్నారు. మా దగ్గర ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 నడుస్తోంది, 2001 నాటిది. పెళ్లి కార్డుల పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. దానికి ఏ ఖాతా లేదు, సీడీ కవరు మీద ఉన్న సీరియల్ నంబరే సర్వస్వం. ఆ కవరు ఫొటో తీసి, ల్యామినేషన్ చేయించి, సీపీయూ లోపలే టేపుతో అంటించాను. నెట్ లేని విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి దానికోసమే బతికిస్తున్నాను. ల్యాబ్ టీచర్ గారూ, దానికి నేను పెట్టిన పేరు "తాతయ్య".


అక్కయ్యపాలెం పద్దులు:

పద్దెనిమిది రోజుల తర్వాత వస్తున్నాను. సీజన్ పని మధ్యలో రోజుకో సిస్టమ్ చొప్పున చేశాం.

పేర్లు పెట్టాం. చోట్ల పేర్లంటే మా వాళ్లు ఒప్పుకోలేదు, మా ఇంటి మామిడి చెట్లు గుర్తొచ్చి నాన్నగారు మామిడి రకాలు పెట్టారు. బోర్డు మారినది బంగినపల్లి. ల్యాప్‌టాప్ చిన్నరసం. స్టిక్కర్లు లోపలి చట్రానికే అంటించాం, మూతలకు కాదు.

బంగినపల్లి విండోస్ తిరిగి రాలేదు. అది ఓఈఎం, ఖాతాకి కలపలేదు. దానికొకటి, ఆ రెండు ఎంఏకేలకి రెండు, మొత్తం మూడు రిటైల్ కొన్నాను. బిల్లు మీద "లైసెన్స్" అన్న మాట, జీఎస్టీ నంబరు పడేదాకా కౌంటర్ దగ్గర కదల్లేదు. డిజిటల్ లైసెన్సులున్న నాలుగింటినీ ఖాతాకి కలిపేశాం. ట్యాలీకి మెయిల్ మార్పించాం, దోహా అబ్బాయి చివరిసారిగా ఓపిక చేసుకున్నాడు. అతనికి మాడుగుల హల్వా పంపాలి.

లెక్క రాసే పద్ధతి గురించి చాలా ఆలోచించాను. మొదట నేనూ అందరిలాగే సిస్టమ్‌కో వరస గీసి, ఎదురుగా కీ రాశాను. రెండో రోజుకే తప్పని తెలిసింది. సిస్టమ్ మారుతుంది, లైసెన్స్ కదులుతుంది, వరస కొట్టేసి పక్కన రాస్తే వారానికే చెత్త. అప్పుడు తట్టింది, మా వృత్తిలో ఇది రోజూ చేసే పనే కదా అని. ప్రతి లైసెన్స్‌కి లెడ్జర్‌లో లాగా ఒక ఖాతా తెరిచాను. కొన్న తేదీ, బిల్లు నంబరు, ఏ మెయిల్ మీద కొన్నాం, రకం ఏమిటి, చివరి ఐదు అక్షరాలు పైన ఉంటాయి. కింద ఎడమవైపు ఏ సిస్టమ్‌లోకి వెళ్లింది, కుడివైపు ఏ సిస్టమ్‌లోంచి బయటికొచ్చింది, ఎప్పుడు, ఎవరు చేశారు. ట్యాలీ సరెండర్ చేస్తే కుడివైపు ఒక ఎంట్రీ. కుడివైపు ఎంట్రీ పడకుండా ఎవరూ ఫార్మాట్ కొట్టకూడదని మా సిస్టమ్స్ అబ్బాయికి చెప్పాను. "మేడం, మీరు నన్ను కూడా ఆడిట్ చేస్తారా" అన్నాడు.

మామూలుగా సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌తో కలిపి 40 శాతం తరుగుదల రాసేసి మర్చిపోతాం. ఇన్నాళ్లూ ఆస్తుల రిజిస్టర్‌లో "కంప్యూటర్లు" అని ఒక్క ముక్క ఉండేది. ఇప్పుడు దాని కింద లైసెన్సులు పేరుపేరునా ఉన్నాయి. పూర్తి కీలు, బిల్లుల ఫొటోలు కీపాస్‌లో. మాస్టర్ పాస్‌వర్డ్ కవర్ లాకర్‌లో. నాన్నగారికి కొత్త నల్లట్ట పుస్తకం కొన్నాను, చివరి ఐదు అక్షరాలు ఆయనే రాస్తున్నారు. ఈసారి బాల్‌పెన్నుతో.

ఆఫీస్ కార్డులు అయిదింటిలో నాలుగు తేలాయి. రెండు నా పాత మెయిల్ మీద, రెండు మా తమ్ముడి మెయిల్ మీద ఉన్నాయి. అవీ ఆఫీస్ 2016వి, వాటికి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది కాబట్టి ఇంత వెతుకులాట ఎందుకని నైట్‌షిఫ్ట్ గారు అడగొచ్చు. నా సమాధానం: పద్దు కలవాలి.

అయిదోది ఏ సిస్టమ్‌లోనూ లేదు, తెలిసిన ఏ మెయిల్ మీదా లేదు. కార్డు వెనక పెన్సిల్‌తో "శ్రీకాకుళం" అని రాసుంది. నాన్నగారికీ గుర్తులేదు, దోహా అబ్బాయికీ తెలియదట. ప్రస్తుతానికి దాన్ని, లెక్క తేలని పద్దులు పెట్టే సస్పెన్స్ ఖాతాలో వేశాను.